నీళ్ళు పోసింది నేను, పలికింది ఎవరు?

నేను లెక్కల టీచర్ని. జవాబు కరెక్టే అయినా, ఎలా వచ్చిందో చూపించకపోతే మార్కులు వేయని రకం. దయ్యాలు, గాలి సోకడాలు, చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి కబుర్లు చెప్పడాలు నా దగ్గర నడవవు. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేదాన్ని. మా చర్చిలో ఒకావిడకి నెలకోసారి ఏదో ఒక దర్శనం అయ్యేది. ఆవిడ చెబుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. దేవుణ్ణి నమ్ముతాను. కానీ ఆయనకి ఇన్ని గారడీలు చేసేంత తీరిక ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

అలాంటి దాన్ని ఇది రాస్తున్నాను. ఎలా వచ్చిందో చూపించలేని జవాబు నా జీవితంలో ఇదొక్కటే. కథకి తప్పనిసరైన రెండు తప్ప, మనుషుల పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

తొంభైల నాటి సంగతి. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. పెళ్ళి కాలేదు. ఆదివారం పూజ అయ్యాక మా చర్చిలో పిల్లలకి సత్యోపదేశం చెప్పేదాన్ని. అంటే మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అదే పూజలో ఇచ్చే అప్పం, తీసుకోబోయే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి జపాలు నేర్పడం, దేవుడి సంగతులు చెప్పడం. జపాలన్నీ నాకు అప్పజెప్పాలి. మధ్యలో ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటినుంచి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వదిలేదాన్ని కాదు. పిల్లలు చాటుగా నన్ను 'ఎక్కాల సిస్టరు' అనేవాళ్ళని తర్వాత తెలిసింది. నేను సిస్టర్ని కాదు, ఎక్కాలు మాత్రం నిజమే.

శనివారం మధ్యాహ్నాలు ఇంకో పని ఉండేది. మా చర్చి కింద పూతలపట్టు రోడ్డు మీదా, ఐరాల వైపూ చిన్న చిన్న పల్లెలు చాలా ఉండేవి. ఒక్కో పల్లెలో నాలుగైదు కథోలిక ఇళ్ళు. మంచం పట్టినవాళ్ళని, చర్చికి రావడం మానేసినవాళ్ళని, కొత్తగా బిడ్డ పుట్టినవాళ్ళని వెళ్ళి పలకరించి రావాలి. మా ఆడవాళ్ళ సంఘంలో పన్నెండు మందిమి ఈ పని చేసేవాళ్ళం. జీతం లేదు, బస్సు చార్జీ కూడా మాదే.

దీనికొక నియమం ఉంది. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ఎప్పుడూ ఇద్దరు. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు పక్కన నిలబడి నోరు మెదపకుండా లోపల జపం చేసుకోవాలి. ఇద్దరూ మాట్లాడితే ఇంటివాళ్ళకి తలనొప్పి, ఇద్దరూ జపం చేస్తే ఇంటివాళ్ళకి భయం అని మాకు శిక్షణ ఇచ్చిన సిస్టర్ గారు నవ్వుతూ చెప్పేది.

నా జత త్రేసమ్మక్క. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. పగిలిన మైకు లాంటి గొంతు, కానీ ఎంత ముభావంగా ఉన్న మనిషినైనా ఐదు నిమిషాల్లో మాట్లాడించేది. ఆవిడ మాట్లాడేది, నేను మౌనం. ఎప్పుడూ ఆవిడ నా ఎడమ పక్కన, అర అడుగు వెనకాల నిలబడేది. మూడేళ్ళు ఇలా తిరిగాం. ఎవరింటి గడప దాటినా నా నోరు దానంతటదే మూతపడేంత అలవాటైపోయింది. స్కూల్లో గొంతు చించుకునే దాన్ని, శనివారం మాత్రం మూగదాన్ని.

ఆ ఏడాది ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో సిస్టర్ గారు మాకు ఇంకొక సంగతి నేర్పింది. బిడ్డ ప్రాణాపాయంలో ఉండి ఫాదర్ గారు వచ్చేలోపు ఏమవుతుందో తెలియనప్పుడు, ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. మిగతా క్రైస్తవులు బాప్తిస్మం అనేదే మేం జ్ఞానస్నానం అంటాం. నీళ్ళు తల మీద మూడుసార్లు పోయాలి. పోస్తూ బిడ్డ పేరు పిలిచి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున ఇస్తున్నానని చెప్పాలి. అంతే. కానీ నీళ్ళు పోసే మనిషే ఆ మాటలు పలకాలి. ఒకరు పోసి ఇంకొకరు పలికితే అది చెల్లదు. ఈ ముక్క ఆవిడ మూడుసార్లు చెప్పింది.

ఒక ప్లాస్టిక్ బొమ్మనీ, బకెట్లో నీళ్ళనీ పెట్టుకుని అందరం సాధన చేశాం. మొదట తప్పు లేకుండా అప్పజెప్పింది నేనే. త్రేసమ్మక్క తడబడితే సరిదిద్దింది కూడా నేనే. పైగా, "ఇంత చిన్న ముక్క గుర్తుండదా అక్కా?" అన్నాను.

ఈస్టరు అయిపోయింది, ఎండలు ముదిరాయి. మామిడికాయల లారీలు రోడ్డుకి అడ్డం నిలబడే రోజులు. ఒక శనివారం త్రేసమ్మక్క చెల్లెలి కొడుకు పెళ్ళని నాయుడుపేట వెళ్ళింది. నియమం ప్రకారం నేను ఇంట్లో కూర్చోవాలి. కానీ మంచంలో ఉన్న ఇద్దరు ముసలమ్మలు మా కోసం ఎదురు చూస్తుంటారని తెలుసు. పట్టపగలు రెండు ఇళ్ళకి వెళ్ళి రావడంలో ఏముందిలే అనుకుని బస్సెక్కాను.

రెండు ఇళ్ళూ అయిపోయాయి. మూడున్నర ప్రాంతంలో తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. అక్కడ సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రి ఉండేది. ఆసుపత్రి అంటే వరండా, రెండు గదులు. నర్సు సిస్టరు ఒకావిడ, ఆమెకి సాయంగా ఒక ఆయా. ఆ సిస్టరు వరండాలోకి వచ్చి చూసి, నన్ను గుర్తుపట్టి, చెయ్యి ఊపి కేకేసింది. పరుగెత్తాను.

లోపల మంచం మీద ఒక అమ్మాయి. పేరు లూర్దు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. నెలలు నిండకుండా గంట క్రితమే కాన్పయింది. ఆడపిల్ల. సిస్టరు బిడ్డకి ఊపిరి అందించి, గుడ్డలో చుట్టి, "ఒంటికి ఆనించి పట్టుకో టీచర్, జీపు వచ్చింది, ఆక్సిజన్ సిలిండరు ఎక్కించి వస్తాను" అని నా చేతుల్లో పెట్టి బయటికి పరుగెత్తింది. ఆయా కూడా ఆమె వెంటే వెళ్ళింది. బిడ్డని తమిళనాడులోని రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

అంత తేలికైన బిడ్డని నేనెప్పుడూ ఎత్తుకోలేదు. పెదవులు నల్లగా ఉన్నాయి. మధ్య మధ్యలో ఊపిరి ఆగుతోంది, మళ్ళీ ఎక్కడినుంచో తెచ్చుకుంటోంది.

వాకిట్లో లూర్దు అత్త నిలబడి ఉంది. పేరు ఆరోగ్యమ్మ. ఎత్తు మనిషి, తలుపు మొత్తం ఆమే. కొంగు నోట్లో కుక్కుకుని నా వైపే చూస్తోంది.

లూర్దు లేవడానికి చూసింది, చేతకాలేదు. "టీచరమ్మా, నీళ్ళు పొయ్యమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. దాహమేమో అనుకుని మంచం పక్కన స్టూలు మీదున్న గ్లాసు వైపు చూశాను.

"నాకు గాదు, బిడ్డకి. ముందు ఇద్దురు పోయినారు. నీళ్ళు పడకుండా పోయినారని మా పెద్దోళ్ళు కల్లర్లో పెట్టనీలేదు. గోడకి బయట, తుమ్మసెట్ల కింద పెట్టొచ్చినారు. ఇదైనా లోపలుండల్ల టీచరమ్మా. పొయ్యమ్మా."

కల్లర అంటే మా సమాధుల దొడ్డి. అలా బయట పెట్టమని ఏ ఫాదర్ గారూ చెప్పలేదు. దేవుడు అంత కఠినాత్ముడు కాదని శిక్షణ ఇచ్చిన సిస్టర్ గారు మాకు ఎన్నోసార్లు చెప్పింది. కానీ పల్లెల్లో పాత భయాలు అంత తొందరగా పోవు. ఆ అమ్మాయి మొహం చూశాక నాకు ఈ వాదనలేవీ నోట రాలేదు. బిడ్డ బతుకుతుందని ఆమెకి ఆశ లేదు. ఈ ఒక్కటి దక్కితే చాలనుకుంటోంది.

బిడ్డని ఎడమ చేతిమీదకి మార్చుకుని, కుడిచేత్తో గ్లాసు తీసుకున్నాను. కాచి చల్లార్చిన నీళ్ళు. తల మీద గుడ్డ పక్కకి తోశాను.

పేరు అడగాలి. అడగలేదు. పోశాను.

నా నోరు తెరుచుకోలేదు. ఇది నాకు ఈ రోజుకీ పక్కాగా గుర్తుంది. పళ్ళు బిగుసుకుని ఉన్నాయి, దవడ నొప్పి కూడా తెలుస్తోంది. మొదటి ధార పడుతుండగానే నా ఎడమ పక్కన, కొంచెం వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "విక్టోరియా" అని పిలిచింది. తర్వాత మాటలు ఒక్కొక్కటిగా, నా చెయ్యి వంగినప్పుడల్లా ఒక్కో నామం. తొందర లేదు, భయం లేదు. కొంచెం వయసు మళ్ళిన గొంతు. మెత్తగా, బిడ్డని లేపకుండా మాట్లాడేవాళ్ళ లాగా.

అప్పుడు నాకు అందులో వింతేమీ కనబడలేదు. హమ్మయ్య, అక్క చెబుతోంది అనుకున్నాను. అక్కది అంత మెత్తని గొంతు కాదన్న సంగతి కూడా తట్టలేదు. మూడేళ్ళుగా అంతే కదా. అక్క మాట్లాడుతుంది, నేను చేతులు కట్టుకుంటాను. నా గుండె నెమ్మదించింది కూడా.

సిస్టరు వచ్చి బిడ్డని అందుకుంది. లూర్దుని మోసుకెళ్ళి జీపులో పడుకోబెట్టారు. ఆరోగ్యమ్మ ఎక్కింది. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. దుమ్ము రేపుకుంటూ జీపు వెళ్ళిపోయింది. నేను గ్లాసు స్టూలు మీద పెట్టి, "పద అక్కా" అని వెనక్కి తిరిగాను.

వెనకాల మందుల బీరువా ఉంది. మనిషి లేదు.

అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు. బయటికి వచ్చి బస్సెక్కాను, టికెట్టు తీసుకున్నాను. పూతలపట్టు క్రాసులో బస్సు ఆగింది, ఎవరో చెరుకు రసం తాగడానికి దిగారు. అప్పుడు గుర్తొచ్చింది త్రేసమ్మక్క నాయుడుపేటలో ఉందని. ఎదురు సీటు కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నిజం చెప్పాలంటే ఆ గొంతు ఎవరిదన్న భయం అంతసేపు నిలవలేదు. దాని వెనకాలే ఇంకో భయం వచ్చింది, అది పెద్దది. నీళ్ళు పోసింది నేను. మాటలు పలికింది నేను కాదు. ఎవరు పలికితేనేం, చెల్లదు. ఆ బిడ్డ దారిలో పోతే నీళ్ళు పడకుండా పోయినట్టే. వాళ్ళమ్మకి మాత్రం పడ్డాయన్న నమ్మకం. ఇంత మోసం నేను చేశాను. ప్లాస్టిక్ బొమ్మ మీద నూటికి నూరు తెచ్చుకున్న దాన్ని, బిడ్డ చేతిలో ఉన్నప్పుడు సున్నా.

మర్నాడు ఆదివారం క్లాసులో ఒక పిల్ల పరలోక జపం మధ్యలో ఆగిపోయి బిక్కమొహం వేసింది. మళ్ళీ మొదటినుంచి చెప్పమనాలి. నాకు నోరు రాలేదు. ఆగిన చోటునుంచి నేనే అందించాను. పిల్లలందరూ వింతగా చూశారు.

త్రేసమ్మక్క ఊరినుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఒంటరిగా వెళ్ళినందుకు ముందు నాలుగు చీవాట్లు పెట్టింది. తర్వాత, "పద, ఆ గది సూద్దాం. ఎవురో ఒకరు ఉండే ఉంటారు. గొంతుకి మనిషి లేకుండా యాడినుంచి వస్తాది?" అంది. నాకు ఆ మాట ఎంతో బలమిచ్చింది. నేను కూడా అదే అనుకుంటున్నాను. లెక్క తప్పింది, ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి, అంతే.

వెళ్ళాం. నర్సు సిస్టరుని అడిగాం. ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో ఇంకెవరూ లేరని చెప్పింది. ఆయా తనతోనే జీపు దగ్గర ఉందంది. ఆయా కూడా అదే మాట. గదికి ఒకటే తలుపు, అందులో ఆరోగ్యమ్మ నిలబడి ఉంది. కిటికీ ఉంది, మంచానికి అవతలి గోడకి, నాకు ఎదురుగా. గొంతు వచ్చింది వెనకనుంచి. నేను నిలబడ్డ చోటే మళ్ళీ నిలబడ్డాను. నా వీపుకీ బీరువాకీ మధ్య జానెడు కూడా లేదు. త్రేసమ్మక్క ఒళ్ళు కుదించుకుని దూరబోయింది. చెయ్యి పట్టింది, మనిషి పట్టలేదు.

రాయవేలూరునుంచి ఏ కబురూ లేదు. లూర్దు వాళ్ళ పల్లెకి వెళ్ళాం. ఇంటికి తాళం. మొగుడు తమిళనాడు వైపు ఇటుకబట్టీకి పనికి పోయాడని, ఆడవాళ్ళు ఆసుపత్రినుంచి నేరుగా అటే వెళ్ళి ఉంటారని పక్కింటివాళ్ళు చెప్పారు. బిడ్డ ఉందా, లేదా? ఎవరికీ తెలియదు. ఉంటే ఊరికి తీసుకురాకుండా ఉంటారా అని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది.

జూన్, జులై, ఆగస్టు. ఫాదర్ గారికి చెప్పుకోవాలని మూడుసార్లు పాపసంకీర్తనానికి వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని, కోపం తెచ్చుకున్నాననీ, జపం చేస్తూ కునికాననీ చిల్లర పాపాలు చెప్పి లేచొచ్చాను. ఏమని చెప్పాలి? నేను పోస్తే ఎవరో పలికారనా? దర్శనాల ఆవిడని చూసి నవ్వినదాన్ని. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. తుమ్మచెట్లు కనబడితే తల తిప్పుకునేదాన్ని. పూతలపట్టు రోడ్డు నిండా తుమ్మచెట్లే.

సెప్టెంబరులో ఆరోగ్యమాత పండగ వచ్చింది. కాణిపాకం ఉత్సవాల రద్దీ కూడా అప్పుడే, బస్సులన్నీ కిటకిట. పూజ అయ్యాక చర్చి ఆవరణలో పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాను. గేటు దగ్గర ఒక ఎత్తు మనిషి జనాన్ని తోసుకుంటూ వస్తోంది. ఆరోగ్యమ్మ. చేతులు ఖాళీ. నన్ను చూసి వేలు చూపించింది.

బిడ్డ పోయిందని చెప్పడానికి వస్తోంది అనుకున్నాను. కొట్టినా పడాలి అనుకున్నాను.

"నువ్వేగదా ఆ టీచరమ్మవి?" అంది, అందరూ వినేలా. "నీకు నేనేం అన్యాయం సేసినానమ్మా? మా ఇంట్లో మొదటి ఆడబిడ్డకి నాయనమ్మ పేరు బెట్టేది ఆనవాయితీ. ఆరోగ్యమ్మ అని బెట్టల్ల. నువ్వొచ్చి ఏందో రాణి పేరు బెట్టేసి పోతివే! విక్టోరియా అంట! మా ఊర్లో ఒగరికీ నోరు తిరగలే. ఈరోజు నా పేరుగల మాత పండగ, తెలుసునా నీకు?"

నాకు ఆ మాటల్లో ఒక్కటే వినబడింది. "బిడ్డ ఉందా?" అన్నాను.

"ఉండదా? నాలుగు నెలలుగా మా పానాలు తీస్తా ఉండాది. రేత్రంతా అరుపే. అదిగో, వాళ్ళమ్మ సంకలో."

గేటు పక్కన వేపచెట్టు నీడలో లూర్దు నవ్వుతూ నిలబడి ఉంది. చంకలో బిడ్డ, నల్లపూసల దండ, బుగ్గ మీద కాటుక చుక్క, నోట్లో తన పిడికిలి తనే కుక్కుకుంటోంది. నేను వెళ్ళి బిడ్డ పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, లావుగా ఉంది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. సత్యోపదేశం పిల్లలందరి ముందూ, ఎక్కాల సిస్టరు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరోగ్యమ్మ కంగారు పడిపోయింది. "ఊరుకో టీచరమ్మా, పేరుకేముంది, నేనేదో నోటికొచ్చింది అన్నాను" అని నా వీపు నిమరడం మొదలుపెట్టింది.

ఇక ఆగలేదు. ముగ్గుర్నీ తీసుకుని ఫాదర్ గారి గదికి వెళ్ళాను. ఆయన పెద్దాయన, తక్కువ మాట్లాడేవారు. మొత్తం చెప్పేశాను. నీళ్ళు నేను పోశాననీ, మాటలు నేను పలకలేదనీ, అందుకని మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వమనీ అడిగాను. గొంతు సంగతి చెప్పేటప్పుడు నేల వైపు చూశాను. ఆయన నవ్వలేదు.

ఆరోగ్యమ్మనే ముందు అడిగారాయన, ఆ రోజు ఏం చూశావమ్మా అని.

"ఏముంది సామీ, వాకిట్లోనే ఉండాను. ఈయమ్మ నీళ్ళు పోసినాది, మంత్రం సెప్పినాది. నీ గొంతే గదమ్మా! బళ్ళో పిల్లకాయల్ని అరిసినట్టు అరిసినావు. రోడ్డు మీద జీపు దాకా వినబడి ఉంటాది."

"నేను నోరు తెరవలేదు" అన్నాను.

"ఏం మాటలమ్మా! నేనేమన్నా గుడ్డిదాన్నా? నీ నోట్లోనించి వచ్చిందే విన్నాను, సూసినాను. లేకపోతే ఆ పేరు మీద నీతో కొట్లాటకి ఎందుకొస్తాను?"

లూర్దూ అదే చెప్పింది. గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరంది. గొంతు నాదేనంది, గట్టిగా ఉందంది. నేను విన్నది మెత్తని గొంతు, వెనకనుంచి. వాళ్ళు విన్నది గట్టి గొంతు, నా నోటినుంచి. మాటలు మాత్రం ముగ్గురం విన్నవీ ఒకటే. ఫాదర్ గారు ఆరోగ్యమ్మతో విన్నది విన్నట్టు చెప్పించారు. ఒక్క ముక్క తప్పు లేదు.

"ఇద్దరు సాక్షులు" అన్నారాయన నాతో. "అందులో ఒకామె నీ మీద ఫిర్యాదుకి వచ్చింది. నీకు అనుకూలంగా అబద్ధం చెప్పదు కదా. ఇది చెల్లుతుంది టీచర్. మళ్ళీ పోయను. వచ్చే ఆదివారం తైలం పూసి, తెల్లగుడ్డ కప్పి, కొవ్వొత్తి ఇచ్చి మిగతా క్రమం పూర్తి చేద్దాం."

నాలుగు నెలలుగా గుండెల మీద ఉన్న బండ అప్పుడు దిగింది. భయంలో మనిషి తనేం చేస్తుందో తనకే తెలియదు. మెదడు అలాంటి వేషాలు వేస్తుంది. నేనే పలికాను, నాకే గుర్తు లేదు. సరిపోయింది. లెక్క తేలిపోయింది అనుకుని సంతోషంగా లేచాను.

వరండాలో లూర్దు నా చెయ్యి పట్టి పక్కకి లాగింది. వాళ్ళత్త వినకూడదని గొంతు తగ్గించింది.

"టీచరమ్మా, ఆ పేరు నీకెవురు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఆ మాటా నిజమే. నాకు తెలిసినవాళ్ళలో ఆ పేరుగల మనిషే లేదు.

అప్పుడు చెప్పింది. రెండో బిడ్డ పోయినప్పుడు లూర్దు మూడు రోజులు రాయవేలూరులో ఆసుపత్రి మంచం మీద ఉంది. అత్త, మొగుడు బిడ్డని తీసుకుని ఊరికి వచ్చేశారు, పూడ్చాలి కదా. ఒంటరిగా ఉండిపోయిన ఈ అమ్మాయికి పక్క మంచం మీది తమిళావిడ తోడుగా ఉంది. పెద్దావిడ. రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వేదట. తన గంజిలో సగం పోసేదట. ఆవిడ పేరు విక్టోరియా. ఈసారి ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టుకోవాలని లూర్దు అప్పుడే అనుకుంది. మొగుడికి కూడా చెప్పలేదు. అత్త పేరు కాదని ఇంకో పేరు పెడతానంటే ఆ ఇంట్లో బతకనిస్తారా?

"మనసులోనే ఉండాది టీచరమ్మా, నోట్లోకి ఎప్పుడూ రాలే. నువ్వు ఆ పేరు పిలిస్తివే, అప్పుడే అనుకున్నాను, ఈ బిడ్డ నాకు దక్కతాదని" అంది.

ఆ తమిళావిడ ఎక్కడుంది, ఎలా ఉంది అని అడిగాను. తెలియదంది. ఆవిడ ఊరు కూడా లూర్దు అడగలేదట. త్రేసమ్మక్క ఈ సంగతి విని వెంటనే ఒక నిర్ణయానికి వచ్చేసింది, ఆ గొంతు ఆవిడదేనని. నేను ఒప్పుకోను. ఆవిడ చనిపోయిందో, మనవళ్ళతో హాయిగా ఉందో ఎవరికి తెలుసు? తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే నేనూ దర్శనాల ఆవిడా ఒకటే అయిపోతాం.

ఆదివారం క్రమం పూర్తయింది. లూర్దు పట్టుబట్టి నన్నే జ్ఞానతల్లిని, అంటే గాడ్‌మదర్ని చేసింది. ఆరోగ్యమ్మ ఇంట్లో తన పేరుతోనే పిలుస్తానని షరతు పెట్టి, ఆ రోజు సాయంత్రానికే 'విక్టోరీ' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో ఒక బట్టల కొట్లో పనిచేస్తోంది. ఊపిరి తీసుకోవడం రాని బిడ్డ ఆమేనంటే ఎవరూ నమ్మరు, అంత వాగుడు. పండక్కి నాకు చీర తెచ్చి, రంగు బాగాలేదని నేనంటే నాతో పోట్లాడుతుంది.

నాకు ఇప్పుడు భయం లేదు. ఎవరైనా చీకట్లో దెబ్బ తీస్తే భయపడాలి, వెలుగులో సాయం చేసిపోతే ఎందుకు? తుమ్మచెట్లు ఇప్పుడు నాకు వట్టి చెట్లే. కానీ లెక్క తేలలేదు. నేనే పలికి ఉంటే నాకు తెలియని ఆ పేరు నా నోటికి ఎలా వచ్చింది? నేను కాకపోతే నా నోరు కదలడం ఆరోగ్యమ్మ ఎలా చూసింది? ఇన్నేళ్ళుగా అటునుంచీ ఇటునుంచీ చేసి చూశాను. రాలేదు.

ఆ ఆదివారం క్రమం అయ్యాక ఫాదర్ గారు జ్ఞానస్నానాల పుస్తకం తెరిచి బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు రాశారు. తర్వాత 'ఇచ్చినవారు' అన్న గడి వచ్చింది. ఆయన కలం ఎత్తి నా మొహం చూశారు. ఇద్దరి పేర్లు రాయడం కుదురుతుందా అని అడిగాను. "ఆ రెండో మనిషికి ఇందులో పేరు అక్కర్లేదేమో టీచర్" అని, నా పేరు ఒక్కటే రాసి పుస్తకం మూశారు.